తుపానుకు ఇల్లు దెబ్బతింది, ఆఫీసులు తిప్పుతున్నారు: రిపేరు ఆపాలా, మొదలుపెట్టాలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. చెన్నై మడిపాక్కంలో మీ నాన్నగారు 1998లో కట్టించిన ఇల్లు. మొన్నటి తుపానుకు వీధి చెట్టు మేడమీద పడి పిట్టగోడ విరిగింది, పైన వేసుకున్న రేకుల గది కూలింది, కింద హాలు శ్లాబుకు పగుళ్లు కనిపిస్తున్నాయి, ఇంట్లో మూడు రోజులు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. అమ్మగారు ఒక్కరే ఆ ఇంట్లో ఉంటున్నారు. ఒక ఆఫీసుకు వెళితే ఇంకో ఆఫీసు అన్నారు, అక్కడికి వెళితే మూడో ఆఫీసు అన్నారు, మూడో చోట "పట్టా మీ నాన్నగారి పేరున ఉంది, ఆయన లేరు కదా, ముందు అది మార్చుకుని రండి" అన్నారు. "ఆఫీసర్లు చూసేదాకా ఇటుక కూడా కదపొద్దు" అని ఎవరో చెప్పడంతో మూడు వారాలుగా రిపేరు కూడా ఆగిపోయింది.

రిపేరు మొదలుపెట్టండమ్మా. ఈ వారమే. కానీ దానికి ముందు రెండు రోజులు వెచ్చించి మూడు పనులు చేయాలి: జరిగిన నష్టాన్ని ఫోటోలు, వీడియోలతో పూర్తిగా రికార్డు చేయడం, ఒక ఇంజనీరు చేత సంతకంతో ఎస్టిమేట్ రాయించడం, "ఫలానా తేదీ నుంచి రిపేరు మొదలుపెడుతున్నాం, దయచేసి ఈలోపు వచ్చి పరిశీలించండి" అని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి దాని కాపీ మీద ముద్ర వేయించుకోవడం. ఆ ముద్ర పడిన కాపీ మీ చేతిలో ఉంటే ఇక ఎవరి కోసమూ ఇల్లు తడిసి నానుతూ ఉండాల్సిన అవసరం లేదు. పట్టా మార్పు కోసం అసలే ఆగొద్దు, దాని సంగతి కింద చెబుతాను.

నేను 28 ఏళ్లుగా దక్షిణ చెన్నైలో ఇళ్ల పనులు చేస్తున్న సివిల్ ఇంజనీరుని, మాది సూళ్లూరుపేట వైపు. 2015 డిసెంబరు వరదలు, 2016 వర్ధా తుపాను, 2023 మిచాంగ్ తుపాను, ఈ మూడిటి తర్వాతా వేళచ్చేరి, పళ్లికరణై, ముడిచ్చూరు చుట్టుపక్కల వందకు పైగా ఇళ్లకు నష్టం అంచనాలు రాశాను. అందులో డబ్బు వచ్చినవాళ్లనూ చూశాను, ఏడాది తిరిగి ఏమీ రాక వదిలేసినవాళ్లనూ చూశాను. వచ్చినవాళ్లందరి దగ్గరా తేదీ వేసిన కాగితాలున్నాయి. మిగతావాళ్లలో చాలామందికి నష్టం వీళ్లకంటే ఎక్కువే, కాకపోతే అంతా నోటిమాటగా నడిచింది.

మీది ఒక ఫైలు కాదు, మూడు ఫైళ్లు. ఆఫీసులు తిప్పుతున్నాయి అనిపించడానికి సగం కారణం ఇదే. మీరు వెళ్లిన ప్రతిచోటా చెట్టు, గోడ, నీళ్లు, పరిహారం అన్నీ కలిపి చెప్పి ఉంటారు. విన్నవాళ్లు తమది కాని ముక్క పట్టుకుని పక్క ఆఫీసు పేరు చెబుతారు. కాబట్టి విడదీసుకోండి.

చెట్టు, వీధిలో శిథిలాలు, డ్రైనేజీ ఇవి చెన్నై కార్పొరేషన్‌వి. మడిపాక్కం 2011లో కార్పొరేషన్‌లో కలిసింది, మీకు పెరుంగుడి జోన్. 1913కి ఫోన్ చేస్తే కంప్లయింట్ నంబరు ఇస్తారు, ఆ నంబరు రాసిపెట్టుకోండి, చెట్టు పడిందని చెప్పే సాక్ష్యం మీకు అదే అవుతుంది. ఇంటి నష్టానికి సహాయం రెవెన్యూవాళ్ల పని, అంటే విఏఓ (గ్రామ పరిపాలనాధికారి), ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), తాసిల్దారు, పైన కలెక్టరు. మూడోది ఇన్సూరెన్స్, అది పూర్తిగా మీకూ కంపెనీకీ మధ్య విషయం. ఒకదాని ఆలస్యం ఇంకోదాన్ని ఆపకూడదు. మూడింటికీ వేర్వేరు అర్జీలు, వేర్వేరు కవర్లు పెట్టుకోండి.

ఇప్పుడు డబ్బు గురించి నిజం చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పెద్ద ఆశ పెట్టుకుని తర్వాత కుమిలిపోతున్నారు. విపత్తు సహాయ నిధికి 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా ధ్వంసమైతే 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి, అది కూడా నష్టం కనీసం 15 శాతం ఉంటేనే, 6,500. కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000. రాష్ట్రం తన వంతుగా కొంత పెంచవచ్చు, ప్రతి తుపానుకూ వేరే ప్రకటన వస్తుంది. కానీ మీ ఇంటిలాంటి శ్లాబు ఇంటికి సాధారణంగా పడే గడి (నష్టం వర్గం) ఆ 6,500 గడే. మీ పిట్టగోడకు వాడే ఇటుక, సిమెంటుకే అది సరిపోదు. అది సహాయం మాత్రమే, నష్టానికి సరిపడా పరిహారంగా ప్రభుత్వం దాన్ని ఎప్పుడూ లెక్కగట్టలేదు. అందుకే ఆ డబ్బు కోసం రిపేరు ఆపడం నష్టం.

దీనికీ రేషన్ కార్డు మీద ఇచ్చే డబ్బుకూ సంబంధం లేదు. మిచాంగ్ తర్వాత చెన్నైలోనూ చుట్టుపక్కల జిల్లాల్లో దెబ్బతిన్న ప్రాంతాల్లోనూ కుటుంబానికి 6,000 చొప్పున రేషన్ షాపుల్లో టోకెన్ పద్ధతిన ఇచ్చారు గుర్తుందా, అది ఇల్లు ఎవరి పేరున ఉందన్నదానితో పనిలేకుండా కార్డును బట్టి ఇచ్చింది. అద్దెకున్నవాళ్లకూ వచ్చింది. మిచాంగ్ అప్పుడు ఒకాయన ఆ 6,000 తీసుకున్నాక "మాకు ఇంటి నష్టం డబ్బు వచ్చేసింది" అనుకుని ఇంటి అర్జీయే ఇవ్వలేదు, ఆయన వంటగది వెనక గోడ మొత్తం పోయింది. రెండూ వేరు, ఒకటి తీసుకుంటే రెండోది పోదు.

మరి 6,500 కోసం అర్జీ ఎందుకు అంటారా? రెండు కారణాలు. ఒకటి, గడి మారే అవకాశం. మీ హాలు శ్లాబు పగుళ్లు పైపై ప్లాస్టరింగు పగుళ్లా, లేక చెట్టు దెబ్బకు దూలం దగ్గర విరిగాయా అన్నది చూడకుండా చెప్పలేను. రెండోదైతే "పాక్షికం" అని రాసుకుపోవడానికి ఒప్పుకోవద్దు. పళ్లికరణైలో ఒక పెద్దావిడ ఇంటిని బయటి నుంచి చూసి పాక్షికం అని రాశారు, ముందు గోడ నిటారుగానే ఉంది మరి. లోపలికి వెళితే శ్లాబును మోసే వెనక గోడ పునాదితో సహా కుంగి, శ్లాబు ఒకవైపు రెండంగుళాలు దిగి ఉంది. నేను లోపలి నుంచి కొలతలతో, ఫోటోలతో నాలుగు పేజీల రిపోర్టు రాసిచ్చాను. ఆవిడ మనవడు దాన్ని సోమవారం కలెక్టరేటులో జరిగే గ్రీవెన్స్ రోజున ఇచ్చి, మళ్లీ పరిశీలన కోరాడు. ఐదు నెలలు పట్టింది కానీ ఇల్లు పూర్తి నష్టం గడిలోకి మారింది. కొలతలే ఆ పని చేశాయి. "బాగా పాడైపోయింది సార్" అంటే ఏ గుమస్తా ఏమీ రాయలేడు, "దూలం కింద 6 మిల్లీమీటర్ల పగులు, 1.8 మీటర్ల పొడవు" అంటే రాయక తప్పదు.

రెండో కారణం, ప్రభుత్వ రికార్డులో మీ ఇంటికి ఫలానా తేదీన తుపాను నష్టం జరిగిందని ఒక కాగితం ఉండటం. ఇన్సూరెన్స్ కంపెనీతో తగువు వచ్చినా, బ్యాంకులో రిపేరు లోను అడిగినా అది పనికొస్తుంది.

ఇక పట్టా సంగతి. పట్టా మీ పేరున లేదు కాబట్టి అర్జీయే తీసుకోం అంటే అక్కడ వాదన పెట్టుకోవద్దు. అర్జీ మీ అమ్మగారి పేరున రాయండి. అందులో దాచకుండా ఇలా ఉండాలి: ఈ ఇంటి పట్టా నా భర్త ఫలానా పేరున ఉంది, ఆయన ఫలానా తేదీన చనిపోయారు, మరణ ధ్రువీకరణ పత్రం జతచేశాను, నేను ఈ ఇంట్లోనే నివసిస్తున్నాను, వారసత్వ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేశాను, దాని నంబరు ఇది. నివాసానికి రుజువుగా రేషన్ కార్డు, ఆధార్, ఈబీ (కరెంటు) బిల్లు, ఇంటి పన్ను రసీదు. వారసత్వ సర్టిఫికెట్‌కు ఇ-సేవై (ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల) కేంద్రంలో దరఖాస్తు పెడితే అప్పటికప్పుడే నంబరు వస్తుంది, సర్టిఫికెట్ తర్వాత వస్తుంది. ఆ నంబరు అర్జీలో ఉంటే "ముందు అది మార్చుకుని రండి" అనే మాటకు జవాబు అక్కడే ఉన్నట్టు. పట్టా మార్పు వారసులందరి సంతకాలతో నెలల తరబడి నడుస్తుంది, తుపాను అర్జీకి అన్ని నెలలు ఆగే వీలు లేదు.

అర్జీ తమిళంలో రాయించండి. మనలో చాలామందిమి తమిళం గడగడా మాట్లాడతాం కానీ రాయడం రాదు, ఇంగ్లీషులో రాసినా తీసుకోవాలి నిజమే, కాకపోతే కింది స్థాయిలో దాన్ని చదివి ఫైలులో నోట్ రాసే మనిషికి తమిళం అయితే ఆ రోజే పని అవుతుంది. పక్కింటి కాలేజీ పిల్లలను అడిగినా రాసిస్తారు. ఒక పేజీ దాటనివ్వకండి. ఇంటి నంబరు, సర్వే నంబరు, నష్టం జరిగిన తేదీ, ఏ ఏ భాగాలు ఎంత మేరకు, ఎస్టిమేట్ మొత్తం ఎంత, రిపేరు మొదలుపెట్టే తేదీ, ఇంతే. కష్టాల కథ రాయాలనిపిస్తుంది, ముసలి తల్లి ఒక్కతే ఉంది అన్నది రాయండి, అది అవసరమైన విషయమే, మిగతా ఆవేదన ఇంట్లోవాళ్లతో చెప్పుకుందాం.

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర అడగండి. వేయను అంటే గొడవ పడకుండా బయటికొచ్చి అదే అర్జీని తాసిల్దారుకు, కలెక్టరుకు స్పీడ్ పోస్టులో పంపండి, పోస్టాఫీసు రసీదు దానికి పిన్ను చేయండి. ముఖ్యమంత్రి హెల్ప్‌లైన్ 1100లో కూడా నమోదు చేస్తే ఒక నంబరు వస్తుంది, కింది ఆఫీసు దానికి జవాబు రాయాల్సి ఉంటుంది. ఆఫీసు బయట "నేను చేయించి పెడతా" అని వచ్చే బ్రోకరుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, ఒరిజినల్ కాగితాలైతే అసలే చేతికివ్వకండి. 2016లో ఒక కుటుంబం ఒరిజినల్ డాక్యుమెంటు ఇలా ఇచ్చి, దాన్ని తిరిగి రాబట్టుకోవడానికి పోలీసు స్టేషను దాకా వెళ్లాల్సి వచ్చింది.

నెలా నెలన్నర గడిచినా ఏ కదలికా లేకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటించినా సరిపోతుంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, రాకపోతే మొదటి అప్పీలు. అందులో "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడిగితే ఏ ప్రయోజనమూ ఉండదు. నా ఇంటిని పరిశీలించిన తేదీ, పరిశీలించినవారి హోదా, ఏ గడిలో రాశారు, ఆ రిపోర్టు కాపీ, నా అర్జీ ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉంది, ఈ ఐదే అడగండి. పరిశీలనే జరగకపోతే ఆ కాగితం వెళ్లిన వారంలో ఎవరో ఒకరు ఇంటికి రావడం నేను చాలాసార్లు చూశాను.

రేకుల గది గురించి మీరు వివరంగా రాయలేదు కానీ అది ప్లానులో లేదని నా అనుమానం. కేంద్రం లెక్కలోనే ఒక షరతు ఉంది: దెబ్బతిన్న ఇల్లు అనుమతితో కట్టినదని అధికారులు ధ్రువీకరించాలి. 1998లో అక్కడ పంచాయతీ ఉండేది, నాన్నగారి బీరువాలో పంచాయతీ ముద్ర ఉన్న ప్లాను కాపీ కచ్చితంగా వెతకండి, ఇంటి పన్ను రసీదు దానికి బదులు కాదు. ప్లానులో ఉన్న కింది ఇంటి నష్టం ఒక ఎస్టిమేట్‌గా, రేకుల గది విడిగా రాయించండి. రెండూ కలిపితే గది వంకతో మొత్తం అర్జీ ఆగిపోతుంది. ఆ గది మొదటి నుంచీ ప్లానులో ఉందని మాత్రం రాయొద్దు, ఇంజనీరు ఎవరైనా అలా రాసిస్తానన్నా వద్దనండి.

ఇన్సూరెన్స్ ఉందో లేదో ఈరోజే చూడండి. "మాకు లేదు" అన్నవాళ్లలో ఎంతమందికి ఉందో చెబితే నమ్మరు. ఇంటి మీద ఎప్పుడైనా లోను తీసుకుని ఉంటే బ్యాంకు దాంతోపాటు పాలసీ అంటగట్టి ఉండవచ్చు, పాత పాస్‌బుక్‌లో ఏడాదికోసారి చిన్న మొత్తం కట్ అయిందేమో చూడండి. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ "భారత్ గృహ రక్ష" అనే ఒకే నమూనా పాలసీ ఇవ్వాలి, అందులో తుపాను, వరద, నీళ్లు నిలవడం అన్నీ వస్తాయి. ఇంటి సామానుకు ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతటదే ఉంటుంది. కాంపౌండ్ గోడ కూడా ఇంటిలో భాగమే. శిథిలాలు తీయించిన ఖర్చు క్లెయిము మొత్తంలో 2 శాతం దాకా, ఇంజనీరు ఫీజు 5 శాతం దాకా ఇస్తారు. ఈ చివరి రెండూ నేను చెప్పేదాకా నా దగ్గరికొచ్చిన ఏ ఇంటివాళ్లూ అడగలేదు.

కంపెనీకి వెంటనే తెలియజేయండి, మూడు వారాలు ఆలస్యమైతే కారణం రాయండి. కంపెనీ తరఫున నష్టం చూసే సర్వేయర్ వచ్చేలోపు పాడైన ఫ్రిజ్, సోఫా పాతసామానువాడికి ఇచ్చేయకండి. నష్టం ఇంకా పెరగకుండా చూసుకోవడం పాలసీదారు బాధ్యతే, కాబట్టి పైన టార్పాలిన్ కట్టించినా, శ్లాబు కింద సపోర్టు పెట్టించినా క్లెయిము పోదు, ఆ బిల్లులు దాచండి. కంపెనీ తిరస్కరించినా, మీ ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా చెన్నైలోనే ఉన్న ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఇప్పుడు నేను ఎందుకు రిపేరు రిపేరు అంటున్నానో చెప్పాలి. 2015లో అడయార్ నది ఒడ్డున ఒక కాలనీలో రిటైరైన టీచర్ దంపతులు ఇలాగే "ఆఫీసరు చూసేదాకా" అని రెండున్నర నెలలు ఏమీ ముట్టుకోలేదు. వచ్చినాయన గేటు దగ్గర నిలబడి నిమిషంలో రాసుకుని వెళ్లిపోయాడు. అప్పటికి శ్లాబు పెచ్చులు ఊడి లోపలి కడ్డీలు తుప్పు పట్టాయి. మొదటి వారంలో 60 వేలలో అయ్యే పని, మూడు లక్షలు దాటింది. వాళ్లకు ఆగమని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను, అప్పటికి నాకు ఈ దారి తెలియదు. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ హాలు కప్పు వైపు చూడలేకపోయేవాణ్ని. అందుకే ఎవరు అడిగినా ఇంత పొడుగ్గా చెబుతాను.

కాబట్టి వరుస ఇది. ఈబీ మెయిన్ ఆపే ఉంచండి, ఎలక్ట్రీషియన్ తడిసిన బోర్డులు చూసేదాకా వేయొద్దు. అమ్మగారిని హాల్లో పడుకోనివ్వకండి. ఫోటోలు ముందు దూరం నుంచి, తర్వాత దగ్గరగా, ప్రతి గదికీ నాలుగు మూలలూ, గోడ మీద నీళ్ల మచ్చ ఎంత ఎత్తుకు ఉందో టేపు పెట్టి. ఫోటో తీసే రోజు న్యూస్‌పేపరు ఫ్రేములో ఉంటే మంచిది. వర్ధా అప్పుడు ఒకరి మేడ మీద పడిన వేపచెట్టును ఫోటో తీయకముందే ముక్కలు చేసి తీసేశారు, సర్వేయర్ వచ్చి "గోడ పాతదై పడిందేమో" అంటే చూపించడానికి ఏమీ లేకపోయింది. మీ చెట్టును కొట్టేసి ఉంటే వీధిలోవాళ్ల ఫోన్లలో ఆ రోజు వీడియోలు తప్పకుండా ఉంటాయి, అడిగి తెచ్చుకోండి. పక్కన ఇంకో చెట్టు వాలి ఉంటే మాత్రం సొంతంగా నరికించకండి, పడిన చెట్టు వేరు, నిలబడిన చెట్టు వేరు, దానికి గ్రీన్ కమిటీ (చెట్లు కొట్టడానికి అనుమతిచ్చే కమిటీ) అనుమతి కావాలి, ప్రమాదంగా ఉందని 1913లోనే రాయించండి.

ప్లాస్టరింగు, టైల్సు, వైరింగు, పిట్టగోడ మళ్లీ కట్టడం, ఇవి ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేయడమే. మొత్తం పడగొట్టి కట్టాల్సి వస్తే అది కొత్త అనుమతి. 2024 జులై నుంచి 2,500 చదరపు అడుగుల లోపు స్థలంలో 3,500 లోపు కట్టడానికి స్వీయ ధ్రువీకరణ పద్ధతి వచ్చింది కాబట్టి మునుపటంత తిరగాల్సిన పని లేదు. మీకు అంతదాకా రాదనే నా నమ్మకం.

శ్లాబు విషయం మాత్రం నన్ను వదలడం లేదు. ఆ పగుళ్ల ఫోటోలు ఇక్కడ పెట్టండి, పగులు పక్కన ఒక రూపాయి బిళ్ల పట్టుకుని తీయండి వెడల్పు తెలుస్తుంది, పగులు గోడకు సమాంతరంగా ఉందా మూల నుంచి ఐమూలగా ఉందా అన్నది కనిపించాలి, కింద నుంచీ మేడమీద నుంచీ రెండువైపులా కావాలి. దూలానికి అడుగున అడ్డంగా పగులు కనిపిస్తే ఫోటో కోసం కూడా ఆగకుండా ఈ రాత్రికే అక్కడ కింద నుంచి మోసే రెండు జాకీలు పెట్టించి, అమ్మగారిని మీ దగ్గరికి తీసుకొచ్చేయండి.